ఫిడేలు మామయ్య, ఫోక్‌సాంగ్ మేనకోడలు

మామయ్య రేడియో వాద్యబృందంలో ఫిడేలు వాయించి రిటైరైన మనిషి. మేనకోడలు కరీంనగర్‌లో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతుంది. జానపద పాటలకు ట్రాక్ కట్టి, ఊళ్లలో వీడియో తీసి యూట్యూబ్‌లో పెడుతుంది. పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అన్న విషయంలో తప్ప ఇద్దరికీ మరెక్కడా కుదరదు. దసరా సెలవుల్లో తెనాలిలో వాళ్ల మధ్య నడిచిన వాదన ఇది. పక్కన కూర్చుని విన్నవాణ్ని కనుక ఒకటి రెండు చోట్ల ఆగలేక నా మాట బ్రాకెట్లలో పెట్టాను. దాటేసి చదివినా పాఠకుడికి వచ్చే నష్టం లేదు.

మామయ్య: నీ కొత్త పాట చూశానమ్మాయ్. కింద ‘నాట్ల పాట’ అని వేశావు. అందులో నాటు ఎక్కడుంది? ఎత్తుకోవడమే దడదడమని ఎత్తుకుంది, నాలుగు నిమిషాలూ అదే దడ. ఆ వేగానికి వంగి నారు పెడితే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

మేనకోడలు: మడిలో పాడుకోడానికి చేసింది కాదు మామయ్యా. ఫోన్లో చూడ్డానికి, బరాత్‌లో ఆడడానికి చేసింది. నాట్లు మిషన్లతో వేస్తున్న ఊళ్లో నాట్ల పాట ఎక్కడ పాడాలి చెప్పండి?

మామయ్య: అందుకని దాన్ని తీసుకెళ్లి బరాత్‌లో గంతులేయించావా? నాట్లలో పాట ఎలా ఉండేదో నేను విన్నాను. ఒకామె ఎత్తుకుంటుంది, వరసలో వాళ్లంతా అందుకుంటారు. మడి పెద్దదైతే పాటా పెద్దదవుతుంది. ఆసామి గట్టు మీదికి వస్తే ఆయన పిసినారితనం మీద అప్పటికప్పుడు ఓ చరణం పడుతుంది. ఆయన వెళ్లిపోయాక దానికి ఇంకో ఘాటైన చరణం తగులుతుంది. ఆ పాటకి మొదలు, తుది ఉండవు, పొద్దు వాలితే ఆగుతుంది. నువ్వు దానికి కొలత పెట్టి నాలుగు నిమిషాలకు కత్తిరించావు.

మేనకోడలు: కత్తిరించడం నాతో మొదలైందా? గ్రామఫోన్ ప్లేటు ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలు. తెల్లవార్లూ సాగే నాటకంలో ఒక్కో పద్యానికి నటుడు రాగం సాగదీసి, జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ మొదటికొచ్చి, పావుగంట పాడేవాడు. అదే పద్యం ప్లేటు మీదికి ఎక్కేసరికి సూది అంచుకి చేరేలోపు ముగించాలి. తిరుపతి వెంకట కవుల పద్యాలు ఇంటింటికీ చేరడంలో ఆ ప్లేట్ల చేయి కూడా ఉంది. సినిమా పాటకి పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో వాద్యాలు అనే కొలత వచ్చిందీ ఆ ప్లేటు నుంచే. మీ లలితగీతం ఏమన్నా గంట పాడేవారా?

మామయ్య: కొలతలో తప్పు లేదు, ఆ కొలతలో ఏం పోశామన్నదే ప్రశ్న. లలిత సంగీతం అంటే నీకు నీళ్లచారులా కనిపిస్తుందేమో. బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఒక గీతం చేస్తే మాటకీ స్వరానికీ మధ్య సందు ఉండేది కాదు. సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి గొంతులు కలిపి ప్లేట్ల మీద పాడినవి విన్నావా? సినిమా కాదు, నాటకం కాదు, కచేరీ కాదు. ఇంట్లో ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడినంత మెల్లగా ఉంటాయి. తెలుగు పాటకి ఆ మెత్తదనం అంతకుముందు ఎక్కడుంది?

మేనకోడలు: లేదు. ఎందుకు లేదో నేను చెప్తాను. అంతకుముందు మైకు లేదు కాబట్టి! నాటకంలో చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. తొలి ప్లేట్లకైతే కొమ్ములాంటి గొట్టంలోకి అరిచేవారు. 1925 తర్వాత మైకుతో రికార్డు చేయడం మొదలయ్యాకే గుసగుసగా పాడినా ప్లేటు మీద పడింది. మీరు మురిసిపోతున్న ఆ మెత్తదనంలో సగం రాజేశ్వరరావు గారిది, సగం మైకుది. మైకు ఇస్తే గుసగుస వచ్చింది, స్పీకర్ బాక్సు ఇస్తే దడ వచ్చింది. ఒకటి సంస్కృతి, ఇంకొకటి వికృతి అంటే ఎలా?

మామయ్య: (నవ్వి) మైకు ముందు అందరూ నిలబడ్డారు కానీ అందరూ రాజేశ్వరరావులు కాలేదు కదా. పరికరం తలుపు తెరుస్తుంది. లోపలికి ఎవరు ఎలా నడిచారన్నది వేరే సంగతి. మనకి పరాయి సరుకు కొత్త కాదు. నేను ఇన్నేళ్లు వాయించింది కూడా పరాయిదే.

మేనకోడలు: అది నేను అందామనుకున్నాను, మీరే అన్నారు.

మామయ్య: అను, నాకు జవాబుంది. ఫిడేలు దొరల బ్యాండులో ఉండేది. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. ఇంగ్లండు రాజుగారి గీతానికి కూడా! కానీ ఆ వాద్యాన్ని మనం ఏం చేశాం? తంతుల శ్రుతి మార్చాం. నిలబడి భుజాన పెట్టుకునేదాన్ని నేల మీద కూర్చుని పాదానికి ఆనించాం. గమకం పలికేదాకా వదల్లేదు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతికొచ్చేసరికి అది విజయనగరంలో పుట్టిందా అనిపించింది. దానికి నూరేళ్లు పైగా పట్టింది. నువ్వు వాడే ఆ దరువు లూపు ఎక్కడిది? ఎవడో ఎక్కడో చేసి అమ్మినదాన్ని రాత్రికి రాత్రి దించుకుని, దాని మీద ముసలమ్మ పాట అతికించావు. అరువు తెచ్చుకోవడం వేరు, అతికించడం వేరు.

(ఈ వాదనలో మామయ్య ఇంత గట్టి మాట అంటాడని నేను అనుకోలేదు. ఫిడేలు సంగతి ఎత్తగానే ఆయన ఓడిపోతాడనుకున్నాను.)

మేనకోడలు: సరే, ఫిడేలు గమకం నేర్చుకుంది. హార్మోనియం నేర్చుకుందా? దాని మెట్టు మీద స్వరం జారదు, ఊగదు. అది పారిస్‌లో పుట్టి, కలకత్తాలో చేతి తిత్తి పెట్టించుకుని, పార్సీ కంపెనీలతో, ధార్వాడ నాటక సమాజాలతో మన రంగస్థలం మీదికి వచ్చింది. ఈనాటికీ గమకం రాలేదు. అయినా హార్మోనియం లేకుండా హరిశ్చంద్ర కాటిసీను ఊహించండి చూద్దాం. పద్యం ఎత్తుకునే ముందు ఆ పెట్టె నుంచి వచ్చే శ్రుతి వింటేనే జనం సర్దుకుని కూర్చుంటారు. మీ ఆకాశవాణి ఏం చేసింది? 1940లో ‘ఇది మన సంగీతానికి పనికిరాదు’ అని గేటు బయట నిలబెట్టింది. 1970ల మొదటిదాకా నిలబెట్టే ఉంచింది. ఆ 30 ఏళ్లలో తెనాలిలో ఒక్క నాటకమైనా హార్మోనియం లేదని ఆగిపోయిందా?

మామయ్య: ఆగలేదు. ఆ నిషేధం పిచ్చి పని. నేనూ ఒప్పుకుంటాను.

మేనకోడలు: పిచ్చి పని ఒక్కటే అయితే వదిలేద్దును. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక సినిమా పాటలు రేడియోలో దాదాపు ఆపేశారు. జనాన్ని బాగుచేద్దామని. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. తెలుగు పాటలు కూడా కొలంబో నుంచి విన్నారు, అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి గొంతుతో సహా. చివరికి 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టి ప్రభుత్వమే దిగి వచ్చింది. మామయ్యా, ఇది మంచిది, ఇది చెడ్డది అని గేటు దగ్గర నిలబడి ఏరినవాళ్ల చేతుల్లోంచి పాట ఎప్పుడూ జారిపోయింది.

మామయ్య: ఆ కేస్కర్ రోజుల్లోనే లలిత సంగీతానికి జీతాలు పుట్టాయి, అది కూడా చెప్పు. సినిమా పాటకి బదులు ఏదో ఒకటి వినిపించాలి కాబట్టి కవుల చేత రాయించారు, మాలాంటి వాళ్లకి కొలువులిచ్చారు. విజయవాడ కేంద్రం అప్పటికే, 1948 డిసెంబరులో, మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని పెట్టారు. అందులో తత్వాలు పాడారు. బండి తోలేవాళ్లూ బిచ్చమెత్తేవాళ్లూ పాడుకునే తత్వాన్ని తీసుకొచ్చి తంబురా శ్రుతిలో కూర్చోబెట్టి మర్యాద చేశారు. ‘ఈ మాసపు పాట’ అని నెలంతా ఒకే పాట నేర్పేవారు. ఎందరో ఇల్లాళ్లు పుస్తకం, పెన్సిలు పట్టుకుని రేడియో ముందు కూర్చుని నేర్చుకున్నారు. నీ ఛానెల్ చూసి ఎవరైనా పాట నేర్చుకున్నారా? చూస్తారు, ఆడతారు, జరిపేస్తారు.

మేనకోడలు: నేర్చుకుంటారు. పెళ్లిళ్లలో, కాలేజీ పండగల్లో పాడతారు. కానీ మర్యాద అన్నారు చూడండి, నా తగాదా దాని దగ్గరే. బిచ్చగాడు పాడితే తత్వం, బి-హై గ్రేడు ఆర్టిస్టు పాడితే భక్తిరంజని. మడిలో పాడితే కూలి పాట, వకీలు రాస్తే కావ్యం. నండూరి సుబ్బారావు గారి ఎంకి పాటలు 1925లో పుస్తకంగా వస్తే పండితులు ముందు ముక్కు విరిచారు, తర్వాత నెత్తిన పెట్టుకున్నారు. ఎంకి ఎంత అందంగా ఉన్నా పల్లె ఆడది పాడిన పాట కాదది, ఏలూరు వకీలుగారు కట్టిన పాట. దాన్ని మీరు రేడియోలో జానపదంలా పాడించారు. నేను అసలు జానపదానికి ప్యాడ్లు కలిపితే తప్పయింది.

మామయ్య: సుబ్బారావు గారు తాను రాశానని చెప్పుకునే రాశారు. దొంగతనం లేదు అక్కడ. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

మేనకోడలు: రండి. ఈలోగా అన్నమయ్య సంగతి. జనం 500 ఏళ్ల నాటి బాణీలనుకుని పాడుకుంటారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, పాట ఉంది. స్వరం లేదు. ఇవాళ మనం పాడే బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారివి, నేదునూరి గారివి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారివి, ఇంకా ఎందరివో. క్యాసెట్లతో ఊరూరా పాకిన బాణీలవి. కొన్నిట్లో జానపదపు లయ కావాలనే పెట్టారు, జనం నోటికి పట్టాలని. అక్కడ మీకు అతుకు కనబడలేదా?

మామయ్య: లేదు, ఎందుకంటే కుట్టినవాళ్లకి బట్ట తెలుసు. నా మాట అంతా అదే. మార్చొద్దని నేననను. సి.ఆర్. సుబ్బరామన్ ఎక్కడో లాటిన్ అమెరికా లయలు తెచ్చి మన సినిమా పాటలో పెడితే విని చప్పట్లు కొట్టాం. పాపం 30 నిండకుండానే 1952లో పోయాడు. నాజర్‌ని తీసుకో. పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టాడు, శాస్త్రీయ సంగీతం నేర్చాడు. జంగం కథని పట్టుకుని దాని ఎముకలు తెలుసుకున్నాడు. కథకుడి భుజాన తంబుర, బొటనవేలికి అందె, చెరో పక్కా బుడికెలు వాయించే వంతలు, ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. ఆ చట్రం చెడగొట్టకుండా లోపల బొబ్బిలి యుద్ధం చెప్పాడు, బెంగాల్ కరువు చెప్పాడు, అల్లూరి సీతారామరాజుని చెప్పాడు. ప్రజానాట్యమండలి బుర్రకథ వింటే జనం ఏడ్చేవారు, అక్కడే పిడికిలి ఎత్తేవారు. ఆ కథకి భయపడి ప్రభుత్వం నిషేధాలు పెట్టింది. అదే నాజర్‌కి 1986లో పద్మశ్రీ ఇచ్చింది! పాటని మార్చే హక్కు పాట తెలిసినవాడికి ఉంటుంది.

మేనకోడలు: తెలిసిందని ఎవరు సర్టిఫికెట్ ఇస్తారు మామయ్యా? నాజర్‌కి ఎవరిచ్చారు? గద్దర్‌కి ఎవరిచ్చారు? గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఆ వేషం ఊళ్లో ఎవరూ అలా మొత్తంగా వేసుకునేది కాదు, జననాట్యమండలి వేదిక కోసం కూర్చుకున్నది. ఒగ్గుకథలోంచి ఒక ఎత్తుగడ, కూలిపాటలోంచి ఒక వరస, దాని మీద కొత్త మాటలు. శాస్త్రం చదివినవాళ్లు అప్పుడూ అన్నారు, ఇది పాట కాదు నినాదం అని. క్యాసెట్టు అవన్నీ పట్టించుకోలేదు. రేడియో ఏనాడూ వినిపించని గొంతు టేప్‌రికార్డర్లలో, ఆటోల్లో, హాస్టల్ గదుల్లో తిరిగింది. ఒక క్యాసెట్టు నుంచి ఇంకో క్యాసెట్టుకి ఎక్కించుకునేవారు, ప్రతి కాపీకి గరగర పెరిగేది, అయినా వినేవారు. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ ధూంధాం ఆ దారిలోదే. ఒక రాష్ట్రం రావడానికి పాట అంత పని చేసిందంటే, అది ఏ ఆడిషన్లో పాసైంది?

మామయ్య: ఆ పాటకి చెప్పుకోడానికి ఒక బాధ ఉంది. నీ బరాత్ పాటకి ఏముంది? అన్నిట్లోనూ మరదలే, అన్నిట్లోనూ బావే.

మేనకోడలు: పాత పాటల్లో మరదలు లేదా? మీరు రేడియోలో సెన్సారు చేశారు కాబట్టి వినలేదు. మా స్టూడియోకి వచ్చే అమ్మమ్మలు పాడేవి నేను మీ ముందు పాడలేను.

(మామయ్య గట్టిగా నవ్వాడు. ఇక్కడ ఆమె చెప్పింది నిజం. జానపద గేయాలు సేకరించి అచ్చు వేసిన పెద్దల్లో చాలామంది ఇలాంటి పాటలను అటక మీదే ఉంచారు.)

మామయ్య: సరే, బరాత్ దగ్గరికే పద. ఆ తీన్మార్ మన దరువే అని మీరంతా ఛాతీ విరుచుకుంటారు. మన దరువు అంటే డప్పు. మంట పెట్టి కాస్త కాచి, సిర్ర ఒక చేత్తో, సిటికెన పుల్ల ఇంకో చేత్తో పట్టి కొడితే వచ్చేది. ఒక్క డప్పుతో చావు దరువు వేరు, పెళ్లి దరువు వేరు, జాతర దరువు వేరు. దూరం నుంచి విని ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లం. ఇప్పుడు అన్నిటికీ తీన్మారే.

మేనకోడలు: డప్పు గురించి మీరన్నది నిజం. కానీ తీన్మార్ గురించి ఛాతీ విరుచుకోవాల్సింది నేనొక్కదాన్నే కాదు. దాని వెనక మర్ఫా దరువు ఉంది. నిజాం కొలువులో ఆఫ్రికా సంతతి అశ్వికదళం ఉండేది, వనపర్తి సంస్థానం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల వారసులు సిద్దీలు ఇప్పటికీ హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఉంటారు. యెమెన్ హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో స్థిరపడ్డారు. వీళ్ల పెళ్లిళ్లలో వాయించిన మర్ఫా పాతబస్తీ పెళ్లిళ్లకి, అక్కణ్నుంచి బోనాలకి, గణపతి ఊరేగింపుకి పాకింది. బోనం ఎత్తిన తల్లి ముందు ఆఫ్రికా, అరబ్బు లయకి పోతరాజు ఆడుతున్నాడు. దాన్ని ఎవరూ రాజ్యాంగం రాసి కలపలేదు. వీధి కలిపింది. మీరు చెప్పిన నూరేళ్ల ఫిడేలు కథ లాంటిదే ఇదీ, కాకపోతే దీనికి దీక్షితుల పేరు లేదు, ద్వారం వారి పేరు లేదు. వాయించినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.

మామయ్య: ఇది నాకు తెలియని సంగతి. బాగుంది. అయితే ఆ మర్ఫా వాయించే సిద్దీలు ఇప్పుడు ఊరేగింపులో ఉన్నారా? డీజే పెట్టెలు ఉన్నాయి. తీన్మార్ మిగిలింది, తీన్మార్ వాయించేవాడు పోయాడు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారంటే ఆ మోత ఎక్కడిదాకా వచ్చిందో చూడు. నాకు మోత కన్నా వేరే బాధ ఉంది. బతుకమ్మ చెప్తాను విను. నీ ఊరి పండగే. వాద్యం అక్కర్లేని ఆట అది. చుట్టూ తిరిగే ఆడవాళ్ల చప్పట్లే తాళం. ఒకామె చెప్తుంది, అందరూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. పాట రానివాళ్లు కూడా ఆ ఒక్క మాట అందుకుంటూ రెండేళ్లలో పాటంతా నేర్చేసుకుంటారు. మొన్న మీ అమ్మ వీడియో పంపింది మీ వీధిలోది. పెద్ద పెట్టెలు పెట్టారు. పాట పెట్టెలోంచి వస్తోంది. ఆడవాళ్లు ఆడుతున్నారు, నోళ్లు మూసుకుని. అంతమందిలో ఒక్క గొంతు వినబడలేదమ్మాయ్. నువ్వూ నీలాంటివాళ్లూ ఏటా కొత్త బతుకమ్మ పాటలు చేస్తున్నారు, ఏ.ఆర్. రెహమాన్ కూడా చేశాడు, పాట బాగానే ఉంది. కానీ ఎన్ని పాటలు వస్తే అంత మౌనం పెరుగుతోంది.

మేనకోడలు: (కాసేపాగి) దీనికి నా దగ్గర జవాబు లేదు. పెట్టె ఆపితే మళ్లీ పాడతారా అంటే, మా వీధిలో పాడగలిగినవాళ్లు ఇద్దరే ఉన్నారు. వాళ్లకి 60 దాటాయి. పెట్టె వచ్చి వాళ్లు ఆగారో, వాళ్లు ఆగారని పెట్టె వచ్చిందో తేల్చి చెప్పలేను.

మామయ్య: తేల్చక్కర్లేదు. ఇప్పుడు ఎంకి దగ్గరికి వస్తాను. నీ నాట్ల పాట కింద పేర్లు చదివాను. సంగీతం ఫలానా, గానం ఫలానా, నృత్యం, కెమెరా, ఎడిటింగ్, పోస్టర్, నిర్మాత. డ్రోన్ ఎగరేసిన కుర్రాడి పేరు కూడా ఉంది. సాహిత్యం అన్నచోట ‘జానపదం’ అని ఉంది. ఆ పాట నీకు ఎవరు పాడి వినిపించారు?

మేనకోడలు: హుజూరాబాద్ దగ్గర ఒక ఊళ్లో ఒక ముసలామె.

మామయ్య: ఆమె పేరు లేదే?

మేనకోడలు: పాట ఆమె కట్టింది కాదు మామయ్యా. వాళ్ల అమ్మ దగ్గర విన్నది. పక్క ఊళ్లో ఇంకోలా పాడతారు. ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్ల నోరు కొట్టినట్టు కాదా? పైగా ఈ లెక్క నా ఒక్కదాన్నే అడిగితే ఎలా? బిరుదురాజు రామరాజు గారు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి తెలుగులో ఆ దారి తెరిచారు. ఆయన పేరు మనకు తెలుసు. నేదునూరి గంగాధరం గారి పేరు తెలుసు. వాళ్లకి పాడి వినిపించినవాళ్ల పేర్లు ఎన్ని తెలుసు? రేడియోలో ఏం చెప్పేవారు? ‘జానపద గేయం, సేకరణ ఫలానా.’ ఏరినవాడికి పేరుంది, పాడినవాడికి లేదు. క్యాసెట్లదీ అదే తీరు. ‘బండెనక బండి కట్టి’ అనగానే జనానికి ‘మా భూమి’ సినిమా, గద్దర్ గుర్తొస్తారు. రాసిన బండి యాదగిరి పేరు ఎంతమందికి తెలుసు? తెలంగాణ సాయుధ పోరాటంలో పాట కట్టిన మనిషి ఆయన.

మామయ్య: అందరూ చేసిన తప్పు కాబట్టి నువ్వూ చేస్తానంటావా?

మేనకోడలు: తప్పని అనుకోలేదు ఇప్పటిదాకా. డబ్బు సంగతైతే ఆమెకి ఇచ్చాను.

మామయ్య: ఎంతో అడగను. చట్టం సంగతి అడుగుతాను, నాకన్నా నీకే బాగా తెలుసు. నీ రికార్డింగ్ మీద హక్కు ఎవరిది?

మేనకోడలు: నాది. 60 ఏళ్లు.

మామయ్య: పాట మీద?

మేనకోడలు: ఎవరిదీ కాదు. 2012లో చట్టం మార్చి, సినిమాకి రాసిన కవికీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా తప్పనిసరి చేశారు. హక్కులన్నీ నిర్మాతకి రాసిచ్చేసినా ఆ వాటా పోదు. కానీ కవి ఎవరో తెలియని పాటకి వాటా తీసుకునేవాళ్లు లేరు.

మామయ్య: అంటే పాట ఎవరిదీ కాదు, దాని రికార్డింగ్ మటుకు 60 ఏళ్లు నీది. రేపు ఆ ముసలామె మనవడు వాళ్ల నాయనమ్మ పాడిన పాట ఫోన్లో తీసి పెట్టి, వెనక నీ ట్రాక్ కాస్త వినబడితే, అభ్యంతరం ఎవరి పేరు మీద వస్తుంది?

మేనకోడలు: నా ఛానెల్ పేరు మీద వస్తుంది. దానంతటదే వస్తుంది, నేను నొక్కక్కర్లేదు. నేను వదిలేయమంటే వదిలేస్తారు.

మామయ్య: నువ్వు వదిలేస్తావు. నీ ఛానెల్ రేపు ఎవరికో అమ్మితే?

మేనకోడలు ఏమీ అనలేదు. ఫోన్ తీసి నాట్ల పాట కింద ఉన్న వివరాల పెట్టె తెరిచింది. ఏం రాయాలో మామయ్యనే అడిగింది. అక్కడ మళ్లీ గొడవ. పాట కట్టనివాళ్ల పేరు ‘సాహిత్యం’ కింద రాయకూడదని ఆమె, అలాగని కింద ఎక్కడో ‘కృతజ్ఞతలు’లో పడేస్తే కుదరదని ఆయన. ముసలామె పేరు, వాళ్లమ్మ పేరు, ఊరు, ఏ పనిలో పాడతారు, పక్క ఊరి పాఠంలో ఏ చరణం తేడా ఉంది, ఇన్ని రాస్తే ఎవరు చదువుతారని ఆమె. ఎవరూ చదవకపోయినా రాయమని ఆయన. ఆ ముసలామెని అడక్కుండా పేరు ఎలా పెడతామని మళ్లీ ఆమె. అది న్యాయమైన ప్రశ్నే. ఫోన్ చేసి అడుగుతానంది.

ఈ వాదనలో నా ఓటు ఎటు అంటే, పాట కలవడం గురించి మేనకోడలిదే గెలుపు. హార్మోనియం, మైకు, ప్లేటు, మర్ఫా, క్యాసెట్టు తీసేస్తే తెలుగు పాటలో ఏం మిగులుతుందో నాకు కనబడదు. లూపుల సంగతిలో, బతుకమ్మ పెట్టెల సంగతిలో మామయ్యతో ఉన్నాను. పేర్ల దగ్గర మాత్రం ఇద్దరి కాలాలదీ ఒకే బాకీ. రేడియో దాన్ని తీర్చలేదు, క్యాసెట్టు తీర్చలేదు, ప్లేటుకైతే మూడంగుళాల లేబుల్‌లో చోటు లేదని సాకు ఉండేది.

జానపద ఛానెళ్లు నడిపేవాళ్లకి ఒక విన్నపం. మీ వీడియో కింద వివరాల పెట్టెలో కావలసినంత చోటు ఉంది, రాయడానికి ఖర్చు లేదు. పాట ఎవరి నోట విన్నారో వాళ్లని అడిగి, వాళ్ల పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడతారో రాయండి. పాత వీడియోల కింద కూడా రాయొచ్చు. అందుకు వాటిని తీసేసి మళ్లీ పెట్టాల్సిన పని లేదు.